మా ఆయన చెప్పిన ఆఫ్రికా

ఫిల్మ్ నగర్‌లో సొంత డబ్బులతో విదేశాలు చూడటం పరువు తక్కువ. మా వీధిలో స్విట్జర్లాండ్ చూడని ఇల్లు లేదు, టికెట్ కొన్న ఇల్లూ లేదు. పాట కోసం వెళ్తారు, ఫైట్ కోసం వెళ్తారు, కథ కుదరకపోతే కూర్చుని ఆలోచించడానికి వెళ్తారు. ఈ చివరిదాన్ని స్టోరీ సిట్టింగ్ అంటారు. కూర్చోవడానికి మన సోఫా ఎందుకు పనికిరాదో నాకిప్పటికీ అర్థం కాలేదు. ఎందుకు వెళ్లినా నిర్మాత ఖర్చులో వెళ్లాలి. జేబులోంచి తీసి టికెట్ కొన్నాడంటే ఆ మనిషికి సినిమాలు లేవని అర్థం.

మా ఆయన సుబ్బరామయ్య గారు మాటల రచయిత. ఆయనకి ఎప్పుడూ సినిమాలు ఉన్నాయి. అందుకే నేను ఆఫ్రికా చూడలేదు.

నా పేరు బాలాత్రిపురసుందరి. అంత పేరు పిలిచే ఓపిక లేక కాలేజీ పిల్లలు సుందరి మేడమ్ అని కత్తిరించేశారు. ఎర్రగడ్డ దగ్గర ఒక ఆడపిల్లల కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని. జంతువుల వలస గురించి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా బోర్డు మీద మారా నది గీసేదాన్ని. ఇటు గట్టున లక్షల విల్డెబీస్టులు, ఆవునీ గుర్రాన్నీ ఎవరో తొందర్లో కలిపి కుట్టినట్టుండే జంతువులు. అటు గట్టున పచ్చగడ్డి. మధ్యలో మొసళ్లు. మంద ఒడ్డు దాకా వస్తుంది, నిలబడుతుంది, వెనక్కి వెళ్తుంది, మళ్లీ వస్తుంది. ఏదో ఒకటి ముందు దూకేదాకా ఏదీ దూకదు. పద్మప్రియ అని చివరి బెంచీ పిల్ల ఒకసారి లేచి, మేడమ్ మీరు చూశారా అని అడిగింది. వచ్చే ఏడాది చూస్తానని చెప్పాను. అప్పటికి అది అబద్ధం కాదు.

ఎందుకంటే నాకు మాట ఇచ్చిన మనిషి ఉన్నాడు. పెళ్లిచూపుల్లో మీకేం ఇష్టమని ఆయన అడిగితే, పదిమందిలా సంగీతం అనకుండా, మారా నది దాటే మందని కళ్లారా చూడాలని ఉందన్నాను. మా అమ్మ మొహం మాడిపోయింది. ఆయన మాత్రం నవ్వకుండా, తప్పకుండా చూద్దామండీ అన్నారు. ఆ ఒక్క మాటకే నేను పెళ్లికి ఒప్పుకున్నాను. చేసుకుంటున్నది మాటల రచయితని అన్న సంగతి అప్పుడు బుర్రకి తట్టలేదు.

పెళ్లయిన కొత్తలో జూపార్కులో లయన్ సఫారీకి తీసుకెళ్లారు. ఇనప ఊచల బస్సు. ఒక సింహం చెట్టు నీడలో పడుకుని, మమ్మల్ని చూసి ఆవలించి, అటు తిరిగి పడుకుంది. ఇది ట్రైలర్ అనుకో అన్నారు ఆయన. సినిమా విడుదల కావడానికి ఎంత కాలం పడుతుందో ట్రైలర్లో చెప్పరు కదా.

ఆయన ప్రయత్నం చేయలేదని అనను. చేశారు, ఫిల్మ్ నగర్ పద్ధతిలో చేశారు. రాసే ప్రతి కథలోనూ ఎక్కడో ఒకచోట ఆఫ్రికా పెట్టేవారు. హీరోకి మతిపోతే ఆఫ్రికాలో పోయేది. విలన్ వజ్రాలు దాస్తే ఆఫ్రికాలో దాచేవాడు. ఒక కుటుంబ కథాచిత్రంలో అత్తగారు అలిగి కెన్యా వెళ్లిపోయింది. కథలో ఆఫ్రికా ఉంటే లొకేషన్లు చూడటానికి నిర్మాత మనుషుల్ని పంపాలి. దానిని రెక్కీ అంటారు. రెక్కీకి రచయిత వెళ్లొచ్చు, రచయితతో పాటు భార్యా వెళ్లొచ్చు. ఇదీ ఆయన పథకం.

పథకంలో లోపం లేదు, నిర్మాతల్లో ఉంది. మొదటి సినిమా ఆఫ్రికా వికారాబాద్ అడవుల్లో తేలింది. రెండో నిర్మాత ఏనుగు ఎక్కడైనా ఏనుగేనని యూనిట్‌ని బ్యాంకాక్ తీసుకెళ్లాడు. అలిగిన అత్తగారు చివరికి అరకు లోయ దాకా వెళ్లి వచ్చేసింది. ప్రతిసారీ ఆయన ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ ఒకటే మాట అనేవారు, క్యాన్సిల్ కాలేదు, వాయిదా పడిందంతే అని. ఫిల్మ్ నగర్‌లో ఏదీ ఆగిపోదు. పదేళ్ల క్రితం కొబ్బరికాయ కొట్టి వదిలేసిన సినిమా కూడా వాయిదాలోనే ఉంటుంది.

ఒకసారైతే నారాయణగూడ వెళ్లి ఎల్లో ఫీవర్ టీకా కూడా వేయించుకున్నాం. పదేళ్లు పనిచేస్తుందని పసుపు కార్డు ఇచ్చారు. ఆ పదేళ్లు అయిపోవస్తుండగా, ఆ టీకా జీవితాంతం పనిచేస్తుందని పెద్దలెవరో తేల్చారు. నా అవస్థ చూసే తేల్చి ఉంటారు.

ఈలోగా ఇంకో విచిత్రం జరిగింది. ఆఫ్రికా ఎపిసోడ్ చెప్పీ చెప్పీ మా ఆయనకి అది బ్రహ్మాండంగా పట్టుబడిపోయింది. కథ చెప్పడంలో ఆయనకి ఇండస్ట్రీలో పేరుంది. నేను పుస్తకాల్లో చదివి రాత్రి భోజనాల దగ్గర చెప్పినవన్నీ ఆయన నోట్లో పడి ప్రాణం పోసుకునేవి. తెల్లవారుజామున గడ్డి మీద పొగమంచు, చిరుత చెట్టు దిగే చప్పుడు, జీపు ఇంజన్ ఆపాక వచ్చే నిశ్శబ్దం. విన్నవాళ్లంతా ఈయన సగం జీవితం అక్కడే గడిపాడనుకునేవారు. పార్టీల్లో, ఫంక్షన్లలో, సార్ మీరెళ్లినప్పుడు వాతావరణం ఎలా ఉండేదని అడిగేవారు. ఆయన వెళ్లానని ఎప్పుడూ అనలేదు. వెళ్లలేదని కూడా అనలేదు. చలికోటు తప్పనిసరండీ అనేవారు.

ఇన్నాళ్లకి, ఈ ఏడాది, ఆఫ్రికా నిజంగా కుదిరింది. వీరరాఘవయ్య గారని జూబ్లీహిల్స్‌లో పెద్ద నిర్మాత, నాగసాయి అనే కుర్ర హీరోతో అడవి నేపథ్యంలో సినిమా మొదలుపెట్టారు. సెకండాఫ్ అంతా మసాయి మారానే. డైరెక్టరూ కెమెరామనూ రచయితా ఆగస్టులో రెక్కీకి వెళ్లాలని, సుందరమ్మ గారు కూడా రావాలని వీరరాఘవయ్య గారే ఫోన్ చేసి చెప్పారు. పాస్‌పోర్టులు ఆఫీసుకి వెళ్లాయి, వీసాలు వచ్చాయి. ఆగస్టు అంటే మంద నది దాటే కాలం. నేను మేలో రిటైరయ్యాను. అన్నీ ఇంత చక్కగా కలిసొస్తే అనుమానించాలి, కానీ నేను సంతోషంలో ఉన్నాను.

నిజంగానే సంతోషంలో ఉన్నాను. దాచుకోవడం దేనికి. ఖాకీ చొక్కాలు కుట్టించుకున్నాను, జంతువుల ముందు కొట్టొచ్చినట్టు కనిపించే రంగులు పనికిరావని. కాలేజీ వాళ్లు వీడ్కోలు సభలో శాలువా కప్పబోతే టోపీ కావాలని అడిగి పుచ్చుకున్నాను. బైనాక్యులర్స్ కొని, అలవాటు కావాలని, పొద్దున్నే బాల్కనీలో నిలబడి షేక్‌పేట ఫ్లైఓవర్ వైపు చూసేదాన్ని. అక్కడిది కార్ల మంద, ఒకటి ఆగితే అన్నీ ఆగుతాయి. కింది ఫ్లాట్ ఆవిడ, మేడమ్ ఎవరి ఇంట్లోకో చూస్తున్నారని అసోసియేషన్ గ్రూపులో పెట్టింది. పెట్టనీ అనుకున్నాను. నాకు అరవై దాటాయి, మోకాళ్లు అప్పుడప్పుడు మొరాయిస్తున్నాయి, జీపులో ఎగుడుదిగుడు దారుల్లో తిరగాలంటే ఇంకెన్నో ఏళ్లు లేవు. ఈసారి చూడకపోతే ఇక చూడను. ఆ సంగతి ఆయనకి కూడా తెలుసు, నేనే చెప్పాను.

జూలైలో నాగసాయికి పూర్తి కథ చెప్పే ముహూర్తం పెట్టారు. ఎక్కడ అంటే మా హాల్లోనే. దానికో సెంటిమెంట్ ఉంది. ఎప్పుడో వీరరాఘవయ్య గారి మొదటి హిట్ కథ మా హాల్లో, నేను వేసిన పెసరట్లు తింటూ విన్నారు. అప్పట్నించి ఆయన ఏ కథ విన్నా మా సోఫాలోనే, మా పెసరట్లతోనే. అల్లం పచ్చడి చాలకపోతే ఓపెనింగ్స్ తగ్గుతాయని కూడా ఆయన నమ్మకం. జూబ్లీహిల్స్‌లో ఆయనకి పాలరాతి ఆఫీసుంది, అందులో పెసరట్టు పెనం లేదు.

నాగసాయి వచ్చాడు. వెంట మేనేజరు, ట్రైనరు, ఫోన్ పట్టుకునే మనిషి. నాగసాయి పెసరట్టు తినడట, పక్కన పెట్టించుకుని చూస్తూ కూర్చున్నాడు. ఫస్టాఫ్ అయ్యేదాకా వంటింట్లో పనిలో ఉన్నాను. సెకండాఫ్ మొదలయ్యేసరికి నాకు తెలియకుండానే గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాను.

మా ఆయన మొదలుపెట్టారు. గొంతు తగ్గించి, ముందు నది చెప్పారు. తర్వాత ధూళి. తర్వాత ఆ ధూళిలోంచి మొదటి కొమ్ములు. మంద ఒడ్డుకి వచ్చింది, ఆగింది, వెనక్కి పోయింది. హాల్లో ఎవరూ కదల్లేదు. ఫోన్ పట్టుకునే మనిషి ఫోన్ వదిలేశాడు. మళ్లీ వచ్చింది, ఆగింది. వీరరాఘవయ్య గారి చేతిలో పెసరట్టు ముక్క నోటికి అరచేయి దూరంలో ఉండిపోయింది. అప్పుడు ఒకటి దూకింది. ఆ ఒక్కటీ ఎందుకు దూకిందో ఆయన చెప్పిన తీరుకి, ఆ పాఠం ఏళ్ల తరబడి చెప్పిన నాకే అది మొదటిసారి వింటున్నట్టు అనిపించింది. కట్టుకున్నవాడి మీద నాకు ఆ నిమిషంలో కలిగినంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు. ఇంకో నెలలో ఇద్దరం ఆ ఒడ్డున నిలబడతామనుకున్నాను.

ఆయన ఆపారు. నాగసాయి ముంజేతి మీద వెంట్రుకలు చూపించాడు, నిక్కబొడుచుకున్నాయి.

"చూసేశాను సార్. నేను ఆఫ్రికా చూసేశాను," అన్నాడు.

వీరరాఘవయ్య గారు ముక్క నోట్లో పెట్టుకుని, నమిలి, తాను కూడా చూసేశానన్నారు. డైరెక్టరు తానైతే ప్రతి షాటూ చూశానన్నాడు. అందరూ ఇంత బాగా చూసేశాక ఇంక అక్కడిదాకా వెళ్లడం దేనికని మేనేజరుకి సందేహం వచ్చింది. మామూలుగా అతని సందేహాలు హీరో సందేహాలే. అక్కడ సింహాలు రోజుకి ఇరవై గంటలు పడుకుంటాయట, హీరో గారి కాల్షీట్లు వాటి నిద్రకి ఇవ్వలేమన్నాడు. షేక్‌పేట దగ్గర షూటింగ్ ఫ్లోరు ఖాళీగా ఉంది, పెద్ద ఎల్ఈడీ తెర ఉంది, నది అందులో పారుతుంది, గడ్డి మనం వేసుకుంటాం అన్నాడు డైరెక్టరు. రెక్కీ కూడా అక్కర్లేదని, లొకేషన్ మా బాల్కనీలోంచి కనిపిస్తుందని నవ్వారు.

వీరరాఘవయ్య గారు మాత్రం నవ్వకుండా మా ఆయన వైపు తిరిగారు. ఆ పెద్దమనిషిని తప్పు పట్టను, ఆయన అడిగారు. మీరేమంటారు రైటర్ గారూ, వెళ్లాలంటే వెళ్దాం, మీ మాటే ఫైనల్ అన్నారు.

ఒక్క మాట చాలు. వెళ్దాం సార్ అంటే చాలు. మాటలు అమ్ముకుని బతికిన మనిషికి ఆ రెండు ముక్కలు పెద్ద పని కాదు. ఆయన నా వైపు చూశారు. నేను టోపీ పెట్టుకోలేదు కానీ, పెట్టుకుని బయల్దేరినట్టే నిలబడి ఉన్నాను. తర్వాత చూపు తిప్పేసుకున్నారు.

"ఆఫ్రికాలో అంత ఆఫ్రికా ఉండదు సార్," అన్నారు.

అందరూ చప్పట్లు కొట్టారు. డైలాగు అలా పేలింది. నేను వంటింట్లోకి వెళ్లి స్టవ్ కట్టేశాను. వీరరాఘవయ్య గారు ఇంకో అట్టు అడిగితే పిండి అయిపోయిందని చెప్పి పంపాను. గిన్నెలో సగానికి పైగా పిండి ఉంది.

వాళ్లు వెళ్లాక ఆయన సోఫాలోనే కూర్చుని ఉన్నారు. నేను ఎదురుగా కూర్చున్నాను. క్యాన్సిల్ కాలేదు అని మొదలుపెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాను. నాకు ఒకటే తెలియాలి అన్నాను, అసలు మీకు వెళ్లాలని ఉందా అని. ఆయన చాలాసేపు టీపాయ్ మీద నాగసాయి వదిలేసిన పెసరట్టు వైపు చూశారు.

"అక్కడికి వెళ్లాక... అది నేను చెప్పినట్టు లేకపోతే?"

ఇన్నేళ్లూ నేను నిర్మాతల్ని తిట్టుకున్నాను. ఆయన పిసినారితనాన్ని తిట్టుకున్నాను, ఫిల్మ్ నగర్‌ని తిట్టుకున్నాను. వాయిదాలన్నీ బయటినించి వస్తున్నాయనుకున్నాను. ఆయనకి భయమని ఎప్పుడూ అనుకోలేదు. జాలి వేసింది, అబద్ధమాడను. ఆ జాలి వెనకే ఒళ్లు మండింది. ఆయన ఆఫ్రికా ఆయన దగ్గర భద్రంగా ఉంది, దానికి గండం రాకూడదని నా ఆఫ్రికాని షేక్‌పేటకి పంపించారు. ఆయన రోజూ వెళ్లొస్తూ ఉన్నారు, నేను వంటింట్లో అట్లు వేస్తూ ఉన్నాను. ఈ మాటలన్నీ అనేశాను కూడా. 

మర్నాడు పద్మప్రియకి ఫోన్ చేశాను. ఆ చివరి బెంచీ పిల్లే. ఇప్పుడు మధురానగర్‌లో టూర్ల ఆఫీసు పెట్టి, ఏటా ఆగస్టులో ఒక గుంపుని కెన్యా తీసుకెళ్తుంది. ప్రతి ఏడాదీ ఫోటోలు పంపి, మేడమ్ రాండ్రి అని రాస్తుంది, నేను ప్రతి ఏడాదీ ప్రొడక్షన్ వాళ్లు పంపుతున్నారమ్మా అని గొప్పగా జవాబిస్తాను. ఈసారి నా గొంతు విని ఆ పిల్ల వివరాలేం అడగలేదు.

"మీరు గప్పుడు వచ్చే ఏడాది చూస్త అన్నరు మేడమ్. నా బిడ్డ ఇంటర్‌కొచ్చింది. ఇగ నడువుండ్రి. ఫికర్ చెయ్యకుండ్రి, అన్నీ నేను చూసుకుంట."

సార్ కూడా వస్తరా అని అడిగింది. రారమ్మా, ఆయన చూసేశారు అన్నాను.

టికెట్ సంగతి తెలిసి ఆయన అదిరిపడ్డారు. నేను వెళ్తున్నందుకు కాదు, కొన్నందుకు. రచయిత సుబ్బరామయ్య భార్య టూర్ ప్యాకేజీలో, పులిహోర పొట్లాలు కట్టుకుని, టోపీల గుంపుతో వెళ్లిందంటే జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాటేలోపు అందరికీ తెలిసిపోతుందట. ఇక సుబ్బరామయ్య పని అయిపోయిందంటారట. రెండు రోజులు గిలగిలలాడి, మూడో రోజు పరిష్కారం కనిపెట్టారు. మా మిసెస్ రెక్కీకి వెళ్తోందని అందరికీ చెప్పడం మొదలుపెట్టారు. వీరరాఘవయ్య గారు సంతోషించి, వీలైతే సింహం గర్జన ఫోన్లో రికార్డు చేసి తెమ్మన్నారు. ఎలాగూ ఊరికే వస్తుంది కదా అని.

బయల్దేరే రోజు మధ్యాహ్నం ఆయనే కారు నడిపారు. షేక్‌పేట దగ్గర ట్రాఫిక్ ఆగింది. ఎడమ పక్క ఫ్లోరు ముందు ఒక లారీలోంచి థర్మకోల్ జిరాఫీల్ని దించుతున్నారు. ఒకదాని మెడ దారిలో విరిగినట్టుంది, ఇద్దరు పట్టుకుని టేపు చుడుతున్నారు. ఇద్దరం చూశాం.  ట్రాఫిక్ కదలగానే ఆయన గేరు మార్చారు.

పద్మప్రియ గుంపు అంతా గేటు బయటే ఉంది. ఎర్రగడ్డ నించి వచ్చిన దంపతులు, బ్యాంకులో రిటైరైన అక్కాచెల్లెళ్లు, అందరి మెడల్లో ఆకుపచ్చ ట్యాగులు, అందరి సంచుల్లో ఆవకాయ. నేనూ ట్యాగు వేసుకున్నాను. మా ఆయన అటూ ఇటూ చూశారు, తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారేమోనని. పద్మప్రియ ఆయనకి నమస్కారం పెట్టి, తన గుంపుకి పరిచయం చేసింది. ఈ సార్ పెద్ద రైటరు, ఆఫ్రికా అంతా ఈ సార్‌కి కొట్టినపిండి అని. ఎర్రగడ్డ ఆయన ముందుకొచ్చి, జర మాక్కూడ చెప్పండి సార్, ఎట్లుంటది గాడ అని అడిగాడు.

అడిగితే ఆగే మనిషి కాదు. గొంతు తగ్గింది. చెయ్యి లేచింది. ముందు నది వచ్చింది, తర్వాత ధూళి. ట్రాలీలు ఆగిపోయాయి. సంబంధం లేని వాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. ధూళిలోంచి కొమ్ములు వచ్చాయి, మంద ఒడ్డుకి వచ్చింది, ఆగింది. బ్యాంకు అక్కగారు కళ్లు మూసుకుని, చూసినట్టే ఉందమ్మా అంది చెల్లెలితో.

 ఆ మాట వినగానే మా హాలు గుర్తొచ్చింది. ఇంకో నిమిషం ఆగితే నేను కూడా చూసేస్తాను. ఇన్నేళ్లుగా చూస్తూనే ఉన్నాను, పెనం దగ్గర నిలబడి, గుమ్మం దగ్గర నిలబడి, ఆయన కళ్లతో. అక్కడికి వెళ్లాక కూడా ఆ నది ఒడ్డున ఆయన గొంతే వినిపిస్తే నేను చూసేది ఏముంటుంది. ట్రాలీ వదిలేసి వెళ్లి ఆయన లేచిన చెయ్యి పట్టుకున్నాను.

"చెప్పకండి. నేనింకా చూడలేదు."

ఆయన ఆగిపోయారు. కథ మధ్యలో ఆయన్ని ఆపిన మనిషి ఇండస్ట్రీలో లేడు, నిర్మాతలు కూడా ఆపలేదు. మంద ఒడ్డునే ఉండిపోయింది. చుట్టూ ఉన్నవాళ్లు కాసేపు ఇబ్బందిగా నిలబడి, ఒక్కొక్కళ్లే ట్రాలీలు కదిలించుకున్నారు. పద్మప్రియ పాస్‌పోర్టులు చేతుల్లో పట్టుకొమ్మని కేకేసింది.

ఆయన నా చేతిలోంచి చెయ్యి తీసుకోలేదు. కారులోంచి దిగుతూ నేను మర్చిపోయిన టోపీ ఆయన రెండో చేతిలో ఉంది. దాన్ని నా నెత్తిన పెట్టి, సరిచేసి, ఎవరూ వినకుండా అడిగారు.

"వచ్చాక నువ్వు చెప్తావా?"

ఆ గొంతు నాకు కొత్త. కథ చెప్పే గొంతు కాదు, పెళ్లిచూపుల నాటి గొంతు. జవాబు అప్పటికప్పుడే వచ్చింది.

"చెప్పను. మీరే వెళ్లి చూడండి," అన్నాను, ట్యాగు సరిచేసుకుని లోపలికి నడిచాను.